లూపస్‌లో సి3, సి4 ఎందుకు తగ్గుతాయి? ఇమ్యూన్ కాంప్లెక్స్‌లను తొలగించాల్సిన కాంప్లిమెంటే కిడ్నీని ఎలా దెబ్బతీస్తుంది?

ప్రశ్న

నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో తెలుగు మాధ్యమం విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. యాంటీజెన్‌ను (శరీరం పరాయిదిగా గుర్తించే పదార్థాన్ని) యాంటీబాడీ పట్టుకుంటుందనీ, ఇమ్యూన్ కాంప్లెక్స్ అనే ఆ కలయికను చూసి సి1, సి3, సి4 వంటి కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఒకదాని తరువాత ఒకటిగా మేల్కొని సూక్ష్మజీవి పొరకు రంధ్రం చేస్తాయనీ పన్నెండేళ్లుగా బోర్డు మీద బాణం గుర్తులు గీసి వివరిస్తున్నాను. గత నెలలో మా చెల్లెలి రిపోర్టులు చేతికి వచ్చాక, ఆ బాణం గుర్తులతో నా సందేహాల్లో ఒక్కటీ తీరడం లేదు.

చెల్లెలికి ఇరవై ఆరేళ్లు. మొదట వేళ్ల కణుపులు నొప్పి పుట్టాయి, తరువాత ఎండలోకి వెళ్లినప్పుడల్లా బుగ్గలు ఎర్రబడ్డాయి, ఆపై పాదాల వాపు, మూత్రంలో తగ్గని నురగ కనిపించాయి. శరీరం తన కణాల మీదే యాంటీబాడీలు తయారుచేసే లూపస్ అని నిర్ధారించారు. రిపోర్టులో సి3 డెసిలీటరుకు 41 మిల్లీగ్రాములు, సి4 5 మిల్లీగ్రాములు ఉన్నాయి. పక్కన సాధారణ స్థాయిలు 90 నుంచి 180, 10 నుంచి 40 అని అచ్చువేశారు. డీఎన్ఏకు వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలు చాలా ఎక్కువగా ఉన్నాయి. కిడ్నీ బయాప్సీలో నాలుగో తరగతి లూపస్ నెఫ్రైటిస్ (లూపస్ వల్ల కిడ్నీలో వచ్చే వాపు, మంట) అనీ, ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీలు, సి3, సి1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఐదూ పేరుకున్నాయనీ రాశారు. చికిత్స మొదలైంది, వైద్యులు శ్రద్ధగానే చూస్తున్నారు. ఇంత వివరంగా అడగడానికి ఓపీలో వీలుండదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

కిడ్నీకి హాని చేస్తున్నది కాంప్లిమెంటే అయితే రక్తంలో దాని మోతాదు పెరగాలి కదా, ఎందుకు సగానికి పడిపోయింది? మరోవైపు, పుట్టుకతోనే సి1క్యూ లేనివారిలో అత్యధికులకు లూపస్ వస్తుందని చదివాను. లేకపోతే రోగం రావడం, ఉంటే కిడ్నీ పాడవడం, ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

మొదటి జవాబు: ఇమ్యునాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్న వ్యక్తి

మేడమ్, సి3ని మేము ఎలా కొలుస్తామో ముందు చెబుతాను, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ పరీక్ష దగ్గరే మొదలవుతుంది. రోగి సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) పలుచన చేసి, సి3ని పట్టుకునేలా జంతువులో తయారుచేసిన యాంటీబాడీని అందులో కలుపుతాం. రెండూ అల్లుకొని కంటికి కనిపించని రేణువులుగా మారతాయి, ఆ గొట్టంలోంచి కాంతిని పంపితే రేణువుల మేరకు అది చెదురుతుంది, చెదిరిన కాంతిని యంత్రం అంకెగా మారుస్తుంది. దీన్నే నెఫెలోమెట్రీ అంటారు. అంటే మీ చెల్లెలి రిపోర్టులోని 41 అన్న అంకె కూడా గాజు గొట్టంలో కట్టిన ఒక ఇమ్యూన్ కాంప్లెక్స్‌ నుంచే వచ్చింది.

ఈ రేణువుల పరిమాణం యాంటీజెన్, యాంటీబాడీల పాళ్లను బట్టి మారుతుందని 1930లలో హైడెల్‌బర్గర్, కెండాల్ కొలిచి చూపించారు. రెండూ సరిసమానంగా కుదిరినచోట పెద్ద వల అల్లుకొని అడుగున పేరుకుంటుంది. ఏదో ఒకటి బాగా ఎక్కువైతే చిన్న చిన్న జతలే మిగులుతాయి. శరీరంలోనూ ఇదే జరుగుతుంది. బాగా పెద్ద ముద్దలను కాలేయంలోని భక్షక కణాలు త్వరగా మింగేస్తాయి, మరీ చిన్నవి పెద్దగా ఏమీ చేయకుండా తిరుగుతుంటాయి. యాంటీజెన్ కాస్త ఎక్కువగా ఉన్నప్పుడు ఏర్పడే మధ్యస్థ పరిమాణం కాంప్లెక్స్‌లే రక్తనాళాల గోడల్లో చిక్కుకుంటాయి.

ఇక కాంప్లిమెంట్ సంగతి. మన ప్లాస్మాలో మిల్లీలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల ఐజీజీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, సి1క్యూ కూడా దాని పక్కనే తిరుగుతుంది, అయినా ఏమీ జరగదు. సి1క్యూ ఒక కాడకు ఆరు మొగ్గలు పూసినట్లుండే ప్రోటీన్. ఒక్కో మొగ్గ ఒక్కో ఐజీజీని పట్టుకోగలదు, కానీ ఆ పట్టు చాలా బలహీనం, పట్టుకున్న వెంటనే జారిపోతుంది. యాంటీజెన్ మీద అనేక ఐజీజీలు దగ్గరదగ్గరగా చేరినప్పుడే ఎక్కువ మొగ్గలు ఒకేసారి ఆనుతాయి, అప్పుడే పట్టు నిలుస్తుంది. ఆరు ఐజీజీలు వలయంగా చేరితే ఈ పని అత్యంత సమర్థంగా జరుగుతుందని 2014లో చూపించారు. ఐజీఎంకు ఐదు భాగాలు ఉండటం వల్ల, అది యాంటీజెన్ మీద వంగి కూర్చుంటే ఒక్కటే సరిపోతుంది. ఈ కారణంగానే విడిగా తిరిగే యాంటీబాడీని వదిలేసి, కాంప్లెక్స్‌గా మారినదానిని మాత్రమే కాంప్లిమెంట్ గుర్తిస్తుంది.

పట్టు నిలిచాక సి1క్యూకు అంటుకొని ఉన్న సి1ఆర్, సి1ఎస్ అనే ఎంజైములు మేల్కొని సి4ను, సి2ను కోస్తాయి. ఆ ముక్కలు కలిసి ఏర్పడిన కొత్త ఎంజైము సి3ని ఒకదాని వెంట ఒకటిగా కోస్తూ పోతుంది. అలా కోసిన సి3 మళ్లీ మామూలు సి3గా మారదు, తెగిన ముక్కలు కాంప్లెక్స్‌కు అతుక్కుంటాయి లేదా కరిగి కొట్టుకుపోతాయి. కాలేయం రోజూ కొత్త సి3ని తయారుచేస్తూనే ఉంటుంది, కానీ ఖర్చు ఆ ఉత్పత్తిని మించిపోయింది. చెల్లెలి రక్తంలో తగ్గిన సి3లో కొంత భాగం బయాప్సీలో కనిపించింది, గమనించండి. రక్తంలో తగ్గడం, కిడ్నీలో పేరుకోవడం అనే ఈ రెండు ఫలితాలూ ఒకే సంఘటనకు రెండు చివరల నుంచి తీసిన కొలతలు.

రెండో జవాబు: ఇమ్యునాలజీ బోధకుడు

పై జవాబు రక్తంలో కాంప్లిమెంట్ ఎందుకు తగ్గిందో స్పష్టంగా చెప్పింది. మీ రెండో ప్రశ్న ఇంకా లోతైనది, దాని దగ్గర కొంచెంసేపు ఆగాలి.

పాఠ్యపుస్తకాల్లో కాంప్లిమెంట్ అంటే రంధ్రం చేసే ఆయుధం అన్న మాటే ముందు వస్తుంది. ఇమ్యూన్ కాంప్లెక్స్‌ల విషయంలో దాని ముఖ్యమైన పని మాత్రం మోత పని అని నేను నమ్ముతాను, తరగతిలోనూ అలాగే చెబుతాను. కోసినప్పుడు పుట్టే సి3బి అనే ముక్కలో అప్పటిదాకా లోపల దాగి ఉన్న ఒక రసాయన బంధం బయటపడుతుంది. అది సెకనులో అతి చిన్న భాగంపాటే చురుకుగా ఉంటుంది కనుక, దూరం పోకుండా పక్కనే ఉన్న యాంటీబాడీకో యాంటీజెన్‌కో శాశ్వతంగా అతుక్కుంటుంది. అలా అనేక సి3బిలు మధ్యలో దూరడం వల్ల యాంటీబాడీల అల్లిక బిగుసుకోదు. మరిగే నీళ్లలో రవ్వ పోస్తూ గరిటె తిప్పుతుంటే ఉండ కట్టనట్లు, కాంప్లెక్స్ ఇంకా పెరిగి రక్తనాళాల గోడల్లో చిక్కుకోకుండా చిన్నదిగా, కరిగిన స్థితిలో ఉండిపోతుంది. అప్పటికే గట్టిపడిన ముద్దలను సైతం కాంప్లిమెంట్ మళ్లీ కరిగించగలదని 1975లో మిల్లర్, నుస్సెన్‌జ్‌వైగ్ నిరూపించారు.

ఆ తరువాతి అంకం నాకు ఎంతో ఇష్టమైనది. మన ఎర్ర రక్తకణాల మీద సిఆర్1 అనే గ్రాహకం ఉంటుంది, అది సి3బిని, సి4బిని పట్టుకుంటుంది. ఒక్కో ఎర్రకణం మీద ఇవి కొన్ని వందలే; తెల్లకణం మీద అంతకంటే ఎన్నో రెట్లు ఉంటాయి. అయితే మైక్రోలీటరు రక్తంలో ఎర్రకణాలు సుమారు 50 లక్షలు ఉంటే తెల్లకణాలు కొన్ని వేలే కావడం వల్ల, సి3బి అద్దుకున్న కాంప్లెక్స్‌లలో ఎక్కువ భాగం ఎర్రకణాల మీదే ఎక్కుతుంది. యాంటీబాడీ, కాంప్లిమెంట్ రెండూ అంటుకున్న సూక్ష్మజీవులు ఎర్రకణాలకు అతుక్కోవడాన్ని నెల్సన్ 1953లోనే వర్ణించారు. ఎర్రకణం ఆ బరువుతో కాలేయానికి, ప్లీహానికి చేరుతుంది, అక్కడి భక్షక కణాలు కాంప్లెక్స్‌ను మాత్రం ఊడదీసుకొని మింగుతాయి, ఎర్రకణం చెక్కుచెదరకుండా తిరిగి ప్రవాహంలోకి వస్తుంది. ఆక్సిజన్ మోయడానికే ఉన్నదని మనం పిల్లలకు చెప్పే కణం, దారిలో ఈ చెత్తను కూడా కాలేయానికి చేరవేస్తోంది.

ఈ మోత ఆగిపోతే ఏమవుతుందో 1980లలో బబూన్ కోతుల మీద చేసిన ప్రయోగాలు చూపాయి. కాంప్లిమెంట్‌ను ముందే హరించిన జంతువులలో ఇమ్యూన్ కాంప్లెక్స్‌లు ఎర్రకణాలకు సరిగా అంటుకోలేదు, రక్తంలోంచి మామూలుకంటే వేగంగా మాయమయ్యాయి. వేగం చూసి శుభ్రత మెరుగుపడిందనుకోవడానికి లేదు. అవి కాలేయానికి బదులు కిడ్నీ వంటి అవయవాలలో చిక్కుకున్నాయి.

ఇప్పుడు సి1క్యూ లేకుండా పుట్టినవారిని తలచుకోండి. వారిలో కాంప్లెక్స్‌లకు సి4, సి3 ముక్కలు అద్దే తొలి మెట్టే ఉండదు. దీనికి తోడు సి1క్యూకు మరో పని కూడా ఉంది: మన శరీరంలో రోజూ సహజంగా చనిపోయే కణాల పొర మీద అది కూర్చొని, భక్షక కణాలు వాటిని త్వరగా తీసుకుపోయేలా చేస్తుంది. అది లేనప్పుడు ఆ కణాల శిథిలాలు, వాటిలోని డీఎన్ఏ, అది చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్లు ఆలస్యంగా మిగిలిపోయి, మన రక్షణ వ్యవస్థ చూడకూడని వస్తువులను చూస్తుంది. సి1క్యూ జన్యువును తొలగించిన ఎలుకలలో స్వంత కేంద్రకం మీద యాంటీబాడీలు పుట్టడం, కిడ్నీలలో చనిపోయిన కణాల ముక్కలు పేరుకోవడం 1998లో కనిపించాయి. క్రమంలో ముందున్న సి1క్యూ, సి4 లోపించినవారికి లూపస్ ప్రమాదం అత్యధికం, సి2 లోపంలో అంతకంటే చాలా తక్కువ. మిగతా కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఎక్కువగా కాలేయంలో తయారైతే సి1క్యూ మాత్రం ప్రధానంగా భక్షక కణాల నుంచే వస్తుంది కనుక, ఆ లోపంతో పుట్టిన కొందరు పిల్లలకు మూలుగ మార్పిడితో దానిని సరిచేయగలిగారు.

మీ చెల్లెలి విషయంలో లోపం పుట్టుకతో వచ్చిందనడానికి మీరు రాసినదానిలో ఆధారం లేదు. బయాప్సీలో సి1క్యూ పేరుకుందంటే ఆమె శరీరం దానిని తయారుచేస్తోంది. కాంప్లెక్స్‌లు మోతకు మించి పుడుతున్నాయి, మోసే ప్రోటీన్లు ఖర్చయిపోతున్నాయి, జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు ఎర్రకణాల మీది సిఆర్1 కూడా తగ్గిపోతుంది. అంటే పుట్టుకతో లేనివారి పరిస్థితికి ఆమె జబ్బు వల్ల కొంతమేర చేరుకుంటోంది. రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం ఇలాగే.

మూడో జవాబు: పాముకాటు కేసులు చూసే ప్రభుత్వ వైద్యుడు

నేను కిడ్నీ నిపుణుణ్ని కాను, అయినా ఇదే వ్యవహారం మొదలై ముగిసిపోవడాన్ని ఏటా వర్షాకాలంలో చూస్తాను. మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటి విషానికి విరుగుడుగా ఇచ్చే మందు గుర్రపు సీరం నుంచి తయారవుతుంది. ప్రాణం నిలిపే మందు అది, దాని విషయంలో ఎవరూ సంకోచించకూడదు. అయితే కొందరు ఇంటికి వెళ్లాక, సాధారణంగా 5 నుంచి 14 రోజుల మధ్య, మళ్లీ వస్తారు. కిందటేడు నాటు వేస్తుండగా కాటుకు గురైన ఒక కూలీ తొమ్మిదో రోజున జ్వరంతో వచ్చాడు. ఒళ్లంతా దద్దుర్లు, చంకల్లో బిళ్లలు, మణికట్లు వాచి గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు. విషం తిరగబెట్టిందని ఇంటివాళ్లు భయపడ్డారు.

అది సీరం సిక్‌నెస్. గుర్రపు ప్రోటీన్ల మీద అతని శరీరం యాంటీబాడీలు తయారుచేయడానికి వారం పడుతుంది. అవి పుట్టేసరికి రక్తంలో గుర్రపు ప్రోటీన్ ఇంకా మిగిలి ఉంటుంది. మొదటి జవాబులో చెప్పిన, యాంటీజెన్ కాస్త ఎక్కువగా ఉండే దశ సరిగ్గా అదే. ఈ జబ్బును వియన్నాలో ఫాన్ పిర్కే, షిక్ 1905లోనే సవివరంగా రాశారు, డిఫ్తీరియాకు గుర్రపు సీరం ఇచ్చిన పిల్లలను చూసి. ఆ కూలీకి కొద్దిరోజుల మందులతో అంతా సద్దుమణిగింది, ఎందుకంటే గుర్రపు ప్రోటీన్ అయిపోతే కొత్త కాంప్లెక్స్‌లు పుట్టవు. లూపస్‌లో యాంటీజెన్ స్వంత కణాల కేంద్రకమే కావడం వల్ల అది ఎన్నటికీ అయిపోదు. తేడా అంతా అక్కడుందని నేను అనుకుంటాను.

నాలుగో జవాబు: నెఫ్రాలజిస్టు

కాంప్లెక్స్ ఎక్కడ ఆగిందన్న విషయాన్ని పై జవాబులకు చేర్చాలి, చికిత్సను నిర్ణయించేది చాలావరకు అదే. చీకటి గదిలో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద మీ చెల్లెలి బయాప్సీ వంటి ముక్కను పెడితే, గ్లోమెరులస్ అనే వడపోత గుత్తి అంతటా ఆకుపచ్చటి రేణువులు చుక్కలు చుక్కలుగా వెలుగుతాయి. యాంటీబాడీ నేరుగా పొరకే అంటుకునే జబ్బుల్లో ఆ వెలుగు గీత గీసినట్లు సాఫీగా ఉంటుంది, ఇమ్యూన్ కాంప్లెక్స్‌లు ఆగినచోట ఇలా గరుకుగా ఉంటుంది. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, సి3, సి1క్యూ ఐదూ వెలిగితే లూపస్‌నే ముందు తలుస్తాం.

నాలుగో తరగతిలో కాంప్లెక్స్‌లు వడపోత పొరకు లోపలివైపు, రక్తం తగిలే చోట ఉంటాయి. అక్కడ సి3, సి5లు తెగినప్పుడు పుట్టే సి3ఎ, సి5ఎ అనే చిన్న ముక్కలు నేరుగా ప్రవాహంలోకి జారి తెల్లకణాలను పిలుస్తాయి, అవి వచ్చి తమ ఎంజైములు కుమ్మరిస్తాయి. అదే కాంప్లెక్స్ పొరకు అవతలివైపు పేరుకుంటే దానిని ఐదో తరగతి అంటాం. అక్కడ కూడా కాంప్లిమెంట్ పనిచేస్తుంది, కానీ పొర అడ్డం ఉండటం వల్ల తెల్లకణాలు చేరలేవు, ప్రోటీన్ విపరీతంగా పోయినా మంట అంతగా ఉండదు. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని అధిక ఒత్తిడితో వడగట్టే అవయవం కనుకనే కిడ్నీ ఈ బెడదకు ఇంతగా గురవుతోంది.

నాదొక సవరణ కూడా ఉంది. నష్టమంతా కాంప్లిమెంట్ ఖాతాలో వేయకండి. తెల్లకణాలకు యాంటీబాడీ తోకను నేరుగా పట్టుకునే ఎఫ్‌సి గ్రాహకాలు ఉంటాయి. లూపస్ వచ్చే ఎలుకల్లో వాటిని పనిచేయకుండా చేస్తే, కాంప్లెక్స్‌లు, సి3 పేరుకున్నా కిడ్నీ చాలావరకు నిలబడిందని 1998లో తేలింది. ఈ కారణంగానే కాంప్లెక్స్‌లు పుట్టడాన్నే తగ్గించే స్టెరాయిడ్లు, మైకోఫెనోలేట్ లేదా సైక్లోఫాస్ఫమైడ్, వీటితోపాటు హైడ్రాక్సీక్లోరోక్విన్ చికిత్సకు వెన్నెముకగా ఉన్నాయి. సి5ని అడ్డుకునే మందులు వేరే జబ్బులలో వాడుకలో ఉన్నాయి. అవి సి3 దాకా జరిగే మోత పనిని ముట్టుకోకుండా దాని తరువాతి మంటను మాత్రమే ఆపడం వాటి వెనుక ఉన్న మంచి ఆలోచన. దానికి మూల్యంగా మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ బాక్టీరియా సోకే ముప్పు పెరుగుతుంది కనుక ముందుగా టీకా వేస్తారు.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. రేపటి నుంచి ఎర్రకణాల పాఠాన్ని వేరేగా చెబుతాను. ఇంకొక్క మాట అడగాలి. సి3 తగ్గిందంటే రోగనిరోధక శక్తి తగ్గినట్లేననీ, తిప్పతీగ కషాయం తాగిస్తే పెరుగుతుందనీ మా పెద్దమ్మ పట్టుబడుతోంది. ఆమె ప్రేమతోనే చెబుతోంది. తగ్గిన ప్రోటీన్‌ను ప్లాస్మా ఎక్కించి నింపలేరా అని చెల్లెలు కూడా అడిగింది.

రెండో జవాబు ఇచ్చినవారు

కషాయం వద్దని పెద్దమ్మగారికి మెల్లగా నచ్చజెప్పండి. సి3 తగ్గినది ఉత్పత్తి చాలక కాదు, ఖర్చు పెరగడం వల్ల. రక్షణ వ్యవస్థను ఇంకా ఉసిగొల్పితే యాంటీబాడీలూ కాంప్లెక్స్‌లూ పెరిగే అవకాశమే ఎక్కువ. తిప్పతీగ వాడిన తరువాత కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు వైద్యులే వెల్లడించారు, వాటిలో ఆటోఇమ్యూన్ (రక్షణ వ్యవస్థ స్వంత శరీరం మీదే తిరగబడే) లక్షణాలు ఉన్నవారు కూడా ఉన్నారు. ప్లాస్మా విషయానికి వస్తే, పుట్టుకతో సి1క్యూ లేనివారికి అది ఉపయోగపడిన సందర్భాలు ఉన్నాయి, కానీ మీ చెల్లెలిలో కాంప్లెక్స్‌లు పుడుతున్నంతకాలం పోసినదంతా అదే మంటలో ఖర్చవుతుంది. యాంటీబాడీల ఉత్పత్తి తగ్గితే ఆమె కాలేయమే సి3ని తిరిగి నింపుతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు

రాబోయే పరీక్షల గురించి రెండు సంగతులు గుర్తుంచుకోండి మేడమ్. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించి, మూత్రంలోని ప్రోటీన్, డీఎన్ఏ యాంటీబాడీల అంకెలతో పాటు తేదీలవారీగా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక్క రోజు అంకెకంటే అది నడుస్తున్న దారి వైద్యులకు ఎక్కువ చెబుతుంది. సి3 ఇన్‌ఫెక్షన్ సమయంలోనూ గర్భంతో ఉన్నప్పుడూ దానంతట అదే పెరుగుతుంది, అందువల్ల ఆ రోజుల్లో 95 వచ్చినా ఖర్చు ఆగిందని వెంటనే అనుకోకూడదు. సి4 జన్యువులు చాలామందిలో నాలుగు ఉంటాయి, కొందరిలో రెండో మూడో మాత్రమే ఉంటాయి. అటువంటివారిలో జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చి సి3 మామూలు స్థాయికి చేరినా సి4 మాత్రం కిందనే ఉండిపోవచ్చు. ఆరు నెలల తరువాత రిపోర్టులో సి3 ఎదురుగా నల్లటి అక్షరాలు, సి4 ఎదురుగా ఇంకా ఎర్రటి అక్షరాలు కనిపిస్తే ఆ రాత్రి నిద్ర పాడుచేసుకోవద్దు, మూత్రంలో ప్రోటీన్ ఎంత ఉందో ముందు చూడండి.